డయల్ టోన్ కోసం క్యూ

ఎనభైల నాటి మాట. వాషింగ్టన్‌లో ఎక్కిన రైలు మంచు తుఫానుకి దారిలో ఒక చిన్న స్టేషన్‌లో ఆగిపోయింది. తలుపు తీస్తే నడుం లోతు మంచు. వెయిటింగ్ రూమ్‌లో ఇరుక్కున్న మా అందరికీ ఒక్కటే పే ఫోన్.

క్యూలో నా ముందు ఒక ఆఫ్రికా పెద్దాయన ఉన్నాడు. తన వంతు రాగానే కాయిన్ వేసి, రిసీవర్ చెవికి ఆనించుకుని, నంబరేమీ నొక్కకుండా కాసేపు విని పెట్టేశాడు. వెనక్కి పడ్డ కాయిన్ తీసుకుని మళ్లీ క్యూ చివరికి వెళ్లి నిలబడ్డాడు.

నాకు ఒళ్లు మండింది. ఇంటికి ఫోన్ చేసి, ఆ చిరాకంతా మా ఆవిడ మీద చూపించి, ఆయన దగ్గరికి వెళ్లాను.

"లైన్ బాగానే ఉంది కదా సార్, మాట్లాడలేదేం?" అని ఇంగ్లీషులో అడిగాను.

"డయల్ టోన్ విన్నాను. యుద్ధంలో మా ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ కాలిపోయింది. కొత్తదానికి వాషింగ్టన్‌లో బ్యాంకు వాళ్లని లోన్ అడగడానికి వచ్చాను. ముందు ఒక ప్రైవేట్ కంపెనీని ఒప్పించి తీసుకురండి, అప్పుడిస్తాం అన్నారు. కంపెనీల వాళ్లేమో ఫోన్లే లేనిచోట బిజినెస్ ఎలా చేస్తాం, ముందు ఫోన్లు రానివ్వండి అంటున్నారు."

జేబులో చిల్లరంతా తీసి ఆయన చేతిలో పెట్టబోయాను.

"మీ ఇంట్లోవాళ్లు కంగారు పడుతుంటారు. ఒకసారి ఫోన్ చేయండి."

ఆయన నా గుప్పిట మెల్లగా మూసేశాడు.

"అటువైపు కూడా ఫోన్ ఉండాలి కదా."

క్యూ కదిలింది. నేనూ ఆయన వెనకే నిలబడ్డాను. మా ఆవిడతో ఇంకోసారి, సరిగ్గా మాట్లాడాలి.