కాగితం మీద ఎక్కించని కొలత

ఆరు మోటారు సైకిళ్లు, మలుపులకు గుర్తుగా రెండు తారు పీపాలు, పందెం పెట్టిన బస్సుల యజమాని, చూడ్డానికి వచ్చిన జాలర్లు, నా జేబులో కొలత టేపు. కోట అనే ఊరి దగ్గర సముద్రం ఒడ్డున ఆ ఉదయం ఉన్నవి ఇవి. ఆ ఉదయాన్ని ఏడేళ్లుగా మోస్తున్నాను. దించుకోవడానికి మనిషి లేక మీకు రాస్తున్నాను.

ఆటు సమయంలో గట్టిపడిన తడి ఇసుకే మా బాట. ఏసుదాసు ఆ యజమాని బస్సుకు డ్రైవరు. నేను ఆయన షెడ్డులో డిప్లొమా చదివిన మెకానిక్‌ని. ప్రతి పందెంలోనూ మొదటి స్థానం అతనిది, రెండోది నాది. ఆరోజు బయలుదేరే ముందు అందరూ వినేలా అన్నాడు.

"టేపు తెచ్చినావాన్నా? నా వెనక ఎంత దూరంలో ఉండావో కొలుచుకుంటావా ఏంది?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి ఉంటే?

చివరి చుట్టులో అతను నీటి వైపు నుంచి నన్ను దాటబోయాడు. చోటుంది. నేను మూసేశాను. హ్యాండిల్ తిప్పేముందు పక్కకు చూశానా? చూశాను. అతని ముందు చక్రం మెత్తటి ఇసుకలో దిగబడింది. బండి కాలి మీద పడింది.

ఎలా జరిగిందో కొలిచి రాసివ్వమన్నాడు యజమాని. చదువుకున్నవాణ్ణి కదా. ఇసుకలో రెండు బళ్ల జాడలూ స్పష్టంగా ఉన్నాయి. అలవాటు కొద్దీ ముందు నాదే కొలిచాను. రాయలేదు. అతనిది మాత్రం రాశాను. పోటు వచ్చి రెండింటినీ తుడిచేసింది. నా కాగితమే మిగిలింది.

ఆసుపత్రి మంచం మీద నుంచి అడిగాడు.

"పడింది గుర్తులేదన్నా. నేనే సందులో దూరినానా?"

"నువ్వే."

"నువ్వు కొలిచినావు గదా. అయితే నిజమే."

దూకుడు మనిషని ఉద్యోగం తీసేశారు. కాలు కురచైంది. ఇప్పుడు కావలిలో సైకిళ్లు బాగుచేస్తూ, పందేలకు వెళ్లేవాళ్లకు 'నాలా దూరకండి' అని చెబుతాడట. ఆ మాట విన్నాక షెడ్డు వదిలి, నన్నెవరూ అన్నా అని పిలవని ఊళ్లో గది తీసుకుని ఒంటరిగా ఉంటున్నాను. ఇది శిక్ష అనుకున్నాను గానీ, అతని ఎదుట పడకుండా దాక్కోవడానికి నేను వెతుక్కున్న చోటేమో ఇది. కావలికి బస్సెక్కే ధైర్యం ఇవాళ్టికీ లేదు.

క్షమించమనడం లేదు. రాయనిది రాస్తున్నాను, అంతే. నా చక్రం అతని వైపు తిరిగిన దూరం ముప్పై ఒక్క అంగుళాలు.