సెల్లులు తీయని రేడియోతో బొంబాయి విమానం

నా భార్య కమల పోయి నాలుగు నెలలైంది. తన ట్రాన్సిస్టర్ రేడియో బొంబాయిలో ఉన్న అక్కకు ఇవ్వమంది. వదినె శుక్రవారం ఆసుపత్రిలో చేరుతున్నారు. ఆలోగా అందాలని మొదటిసారి విమానం ఎక్కాను. రేడియో స్విచ్చు అరిగిపోయి కుదుపుకు దానంతటదే మోగుతుంది. సెల్లులు తీస్తే సరిపోయేది. అవి కమల వేసినవి. స్టేషన్ల ముల్లు కూడా ఆమె ఉంచిన హైదరాబాదు కేంద్రం దగ్గరే ఉంది.

బోధన్‌లో ఉదయం ఆరింటి బస్సు, ముప్పావలా టికెట్టు. చెరకు బండ్ల వెనక గంట పోయింది. ఎడపల్లి దాటాక రేడియో ఉన్న సంచి పాట మొదలుపెట్టింది. "సారూ, సంచికి గూడ టికెట్ కొట్టాల్నా?" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. నిజామాబాద్‌లో రైలు పట్టుకుని సికింద్రాబాద్ చేరేసరికి రెండున్నర. బేగంపేటకు రిక్షా రూపాయి.

విమానం కదలకముందే రేడియో గరగరమంది. ఎయిర్‌హోస్టెస్ ఆపమంది. ఆపాను. మళ్లీ మోగింది. తనకిస్తే ముందు గదిలో పెడతానంది. ఇవ్వనన్నాను. ఎవరో ఒకరు ముల్లు తిప్పుతారు.

"గింత డబ్బతోని విమానం ఏమైతది?" అన్నాను.

పక్కసీటు ఆర్మూరు పసుపు వ్యాపారి విసుక్కున్నాడు. "పాటలు బొంబాయిల గూడ ఉంటయి సారూ. ఇచ్చేయరాదా?"

చివరికి పైలట్ వచ్చాడు, కరీంనగర్ మనిషి. "రేడియో ఊరికే వింటదనుకుంటున్నరు సార్. వినేటప్పుడు అది గూడ సన్నగ ఏదో పంపుతది. నాకు దారి చూపే ముల్లు గూడ రేడియోనే వింటది. అది తప్పు చూపొచ్చు."

"చూపుతదా, చూపొచ్చా?"

"తెల్వదు. తెల్వదు గనుకనే ఆపమంటున్న."

చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో ఇరవై ఏళ్లు పనిచేశాను. త్రాసు ముల్లు మీద అనుమానం వస్తే లెక్క మొత్తం కొట్టేసి మళ్లీ తూచేవాణ్ణి. అతను అడుగుతున్నదీ అదే.

"ముల్లు ముట్టొద్దు," అన్నాను.

"ముల్లుతోని నాకేం పని? సెల్లులు తీయుండ్రి."

నాలుగూ నేనే తీసి రుమాలులో కట్టాను. ఒకటి అప్పటికే కారి తెల్లగా పూత పట్టింది. ఇంకొన్నాళ్లయితే రేడియోనే తినేసేది.

మరునాడు పొద్దున బొంబాయిలో వదినె కొత్త సెల్లులు వేశారు. ఉత్త హోరు వచ్చింది. "హైదరాబాదు గిక్కడ పొద్దుగాల రాదు మరిదీ," అని ముల్లు తిప్పారు. ఏదో మరాఠీ పాట వచ్చింది. ఆమె కళ్లు మూసుకుని విన్నారు. నాలుగు నెలలు ఎవరినీ ముట్టనివ్వని ముల్లు. ఆమెను తిప్పనిచ్చాను.

రేడియోతో విమానం ఎక్కేవారు స్విచ్చును నమ్మకండి. సెల్లులు ఇంటి దగ్గరే తీయండి, అవి ఎవరు వేసినవైనా సరే.