టర్బైను డ్రైవరు చెవి పరీక్ష

మా ఆయన నడిపింది అందరూ నడిపే రైలింజను కాదు. డీజిలింజను గుడగుడమంటుంది. ఈ టర్బైను ఇంజను చెవిలో బరమా తిప్పినట్టు కీచుమనేది. విమానానికి ఉండేలాంటి యంత్రాన్ని తెచ్చి పట్టాల మీద పెట్టారు. నిలబడ్డా పరిగెత్తినా ఇంచుమించు ఒకేలా నూనె తాగేది. మా బావగారిలా, పని ఉన్నా లేకపోయినా తిండికి లోటు రానిచ్చేది కాదు.

ఏళ్ల తరబడి దాంట్లో కూర్చునేసరికి ఆయన చెవులు పోయాయి. ఉప్పు అడిగినా వీధి చివరిదాకా వినిపించేది. నేనూ అరిచి అరిచి అలిసిపోయాను. మాకు రోజూ పోట్లాటే అనుకునేది పక్కింటావిడ. అంత ఓపికే ఉంటే పోట్లాడకపోదునా.

ఆ ఇంజనులో మాటలు సాగవు. అందుకని సహాయకుడు వెనక నుంచి భుజం తట్టేవాడు. ఒకసారి తడితే దారి ఉన్నట్టు, రెండుసార్లు తడితే ఆపమన్నట్టు.

ఏటా చెవి పరీక్ష ఉండేది. తప్పితే ఇంజను మీంచి దించేస్తారు. ఈయనకేమో ఆ ఇంజనే లోకం. డాక్టరు వెనక నిలబడి గొణుగుతాడు, ఈయన అదే తిరిగి చెప్పాలి. ఆ ఏడు సహాయకుడు తన వంతు కోసం వచ్చినవాడిలా ఎదురుగా కూర్చుని, డాక్టరు మాటలు పెదాలతో అందించాలని ఇద్దరూ అనుకున్నారు.

"దిగులు పెట్టుకోకు వదినా, అన్నయ్యని నేను గట్టెక్కిస్తాగా" అని నాకు చెప్పి మరీ వెళ్లాడు.

అంతా సవ్యంగానే సాగిందట. డాక్టరు సంతోషించి, ఇక లేవమన్నట్టు భుజం మీద రెండుసార్లు తట్టాడు. ఈయన చెయ్యి దానంతటదే ముందుకుపోయి, బల్ల సొరుగు పిడిని బ్రేకు లాగినట్టు లాగేసింది. సొరుగు ఊడొచ్చి దూదీ, సీసాలూ నేలపాలయ్యాయి. సహాయకుడు ఆపుకోలేక పకపకా నవ్వేశాడు.

"ఏ బండి ఆపావయ్యా?" అని వెనక నుంచి అడిగాడు డాక్టరు.

నవ్వే నోరు మాట అందిస్తుందా? ఈయన వాడి పళ్లు చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు మళ్లీ అడిగాడు. మళ్లీ అడిగాడు.

ఇంటికొచ్చి చొక్కా అయినా విప్పకుండా మంచం మీద వాలిపోయాడు. ఎదురుగా వెళ్లి ఏమైందని అడిగాను.

"నూనె షెడ్డుకి వేశారే" అన్నాడు.

ఆ ఇంజను తాగే జిగట నూనెని కాచి పోసే చోటది. సహాయకుడు గుమ్మంలో నిలబడి, తన వల్లే అంటూ ఏడుస్తున్నాడు. తిట్టడానిక్కూడా ఓపిక లేక, మంచినీళ్లిచ్చి ఇంటికి పొమ్మన్నాను.

రిటైరయ్యేదాకా ఈయన ఆ షెడ్డులోనే ఉన్నాడు. ఇంజను వచ్చి నిలబడితే, నూనె నిండేదాకా దాని ఒంటి మీద అరచెయ్యి ఆనించి ఉండేవాడట.