వదిన తుపాకీ బరువు

మా అన్నయ్యకి తుపాకీ లైసెన్సు లేదు. జీవితంలో ఒక్కసారి కూడా ట్రిగ్గర్ మీద వేలు పెట్టలేదు. కాబట్టి మా వదిన రైఫిల్‌కి ఏ స్టాక్ వెయ్యాలో నిర్ణయించే అధికారం సహజంగానే ఆయనకి వచ్చేసింది.

స్టాక్ అంటే తుపాకీ ఒళ్ళు. ఇనుప గొట్టం కూర్చునేదీ, చేత్తో పట్టుకునేదీ, భుజానికి ఆనించుకునేదీ అదే. వదిన రైఫిల్‌కి ఉన్నది వాల్‌నట్ చెక్కతో చేసినది. షాపుల్లో దొరికేవన్నీ ఆరడుగుల మగవాళ్ళ కొలతలకి చేసి పెట్టినవి. మా వదిన నిలబడితే నా చెవి దాకా వస్తుంది. అందుకని చాలా ఏళ్ళ కిందట తుపాకులు బాగుచేసే ఒక గన్‌స్మిత్ దగ్గరికి వెళ్ళి, టైలర్‌కి జాకెట్టు కొలతలు ఇచ్చినట్టు చేతి పొడవూ మెడ పొడవూ ఇచ్చి మరీ చేయించుకుంది. అందంగా ఉంటుంది. బరువు కూడా అందానికి తగ్గట్టే ఉంటుంది.

వదిన కెనడాలో, హామిల్టన్‌లో ఒక ఆస్పత్రిలో నర్సు. ఆవిడకి వేట నేర్పింది తోటి నర్సు, నాకు నేర్పింది ఆవిడ. నేను వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, వేళ్ళకి తప్ప ఒంటికి పని లేని మనిషిని. ఏటా నవంబరులో మగవాళ్ళని ఇళ్ళల్లో వదిలేసి, వదినా ఆడపడుచులం ఇద్దరం ఉత్తరాన అడవుల్లోకి జింకల వేటకి వెళ్తాం. తెలుగువాళ్ళ గెట్‌టుగెదర్లలో ఈ సంగతి తెలియని వాళ్ళు లేరు. "అమ్మో, ఆ కళ్ళు చూస్తే ఎలా కాల్చబుద్ధి అవుతుందండీ మీకు?" అని గుండెల మీద చెయ్యి వేసుకునే ఆంటీలు ఉన్నారు. వదిన జింక వేపుడు గిన్నె మూత తియ్యగానే ప్లేటు పట్టుకుని అందరికంటే ముందు నిలబడేదీ వాళ్ళే. "కొంచెం గట్టిగా ఉందండీ ఈసారి" అని సర్టిఫికెట్ కూడా ఇస్తారు.

మా వేటకి వదిన పెట్టిన నియమాలు రెండు. ఒకటి, సీజన్ మొదలయ్యే ముందు వారం నుంచీ వాళ్ళింట్లో పోపు బంద్. జింకకి ఇంగువ వాసన ఎంత దూరం నుంచైనా తెలిసిపోతుందట. ఆ వారం అన్నయ్య చప్పటి పప్పు తింటూ, ఇంటికి తాళం పడ్డట్టు మొహం పెట్టుకు కూర్చుంటాడు. రెండోది, ఎవరి తుపాకీ వాళ్ళే మొయ్యాలి. నా మొదటి ఏడాది, చెయ్యి లాగేస్తోంది, ఒక్క నిమిషం పట్టుకో వదినా అని అడిగాను. "మొయ్యలేని రోజు ఇంట్లో కూర్చోవాలి. అడవికి రాకూడదు" అంది. ఆడపడుచునన్న మర్యాద కూడా చూడలేదు.

పోయిన చలికాలం వదిన డ్రైవ్‌వేలో మంచు మీద జారి పడింది. కుడి భుజానికి సర్జరీ అయింది. వేసవి వచ్చేసరికి చెయ్యి పైకి లేస్తోంది, చపాతీలు ఒత్తుతోంది, అన్నయ్య మీదికి గరిటె కూడా ఎత్తుతోంది. సర్జన్ మాత్రం, "నాలుగు గుళ్ళు కాల్చుకోండి, పరవాలేదు. కానీ ఎక్కువసేపు బరువు మొయ్యకండి" అన్నాడు. మేం కారు ఆపే చోటు నుంచి కూర్చునే చోటికి అడవిలో గంట పైనే నడక. ఎడమ భుజానికి తగిలించుకోవచ్చుగా అంటే, పడిపోయిన చెట్లు దాటుతుంటే అది జారుతూనే ఉంటుంది, సర్దుకోవడానికి రెండు చేతులూ కావాలి అంది.

"నేను మోస్తాను" అన్నాను.

"నా రూల్ నన్నే తప్పమంటావా? ఈ ఏడు మొయ్యలేకపోతే తుపాకీ అమ్మేస్తాను."

అన్నంత పనీ చేసే మనిషి. నాకు నిజంగా భయం వేసింది. జింక దొరకని నవంబర్లు చాలా చూశాను, బాధ లేదు. వదిన పక్కన లేని నవంబరు మాత్రం నాకు వద్దు.

సరిగ్గా ఇక్కడ అన్నయ్య రంగంలోకి దిగాడు. రిటైరైన ఇంజనీరు. చేతికి పని దొరక్క, ఇంట్లో తలుపుల బందులకి నూనె వేసుకుంటూ తిరుగుతున్న మనిషి. "చెక్క తీసేసి తేలికపాటి స్టాక్ వేద్దాం, అంతే కదా!" అన్నాడు. ఆ అంతే కదా రెండు నెలలు నడిచింది.

మొదట బరువు చూడాలన్నాడు. ఇండియా వెళ్ళేముందు సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా తెచ్చాడు. అంతవరకూ ఆవకాయా, కందిపొడీ తప్ప మరొకటి ఎరగని కాటా అది. లైసెన్సు లేదు కాబట్టి తుపాకీ ముట్టుకోకూడదు. వదిన తగిలించి పట్టుకుంటే, ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని అంకెలు చదివాడు. అక్కడి నుంచి ఆ ఇంట్లో అందరూ గ్రాముల్లో మాట్లాడుకోవడం మొదలైంది. ప్లాస్టిక్ చవక కానీ వంగుతుందట. ఫైబర్‌గ్లాస్ గట్టిదే కానీ అంత తేలిక కాదట. కార్బన్ ఫైబర్ అయితే రాకెట్లకి వాడతారట. మా వదిన జింక కోసం చెట్టు కింద కూర్చోబోతోంది తప్ప చంద్రుడి మీదికి వెళ్ళడం లేదని ఎవరు చెప్తారు ఆయనకి? మరలు కూడా తేలికవి వెయ్యాలన్నాడు. భుజానికి తగిలించుకునే పట్టీ సన్నది చెయ్యాలన్నాడు.

"మరి పెరుగన్నం కారియర్?" అన్నాను. వదిన మూడు గిన్నెల స్టీలు కారియర్ లేకుండా అడవిలో అడుగు పెట్టదు. వీళ్ళు తగ్గించబోయే గ్రాములన్నీ కలిపినా ఆ కారియర్ పిడికి సరిపోవు.

"కారియర్ జోలికి వస్తే ఇద్దర్నీ తూచేస్తాను" అంది వదిన వంటింట్లోంచి.

చివరికి కార్బన్ ఫైబర్‌ది వచ్చింది. నల్లగా, బూడిద రంగు చుక్కలతో ఉంది. అన్నయ్య దాన్ని ఒక్క వేలి మీద నిలబెట్టి, వచ్చిన వాళ్ళకీ పోయిన వాళ్ళకీ చూపించాడు. దాన్ని ముట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు కదా, ఆ ముచ్చట అలా తీర్చుకున్నాడు. వదిన కొలతకి కోయించి, గన్‌స్మిత్ చేత బిగించాక కాటా చూస్తే నిజంగానే చాలా తగ్గింది. వాల్‌నట్ చెక్కని పాత దుప్పట్లో చుట్టి వదిన మంచం కింద పెట్టింది. పెట్టేటప్పుడు చేత్తో ఒకసారి నిమిరింది.

ఇక్కడ మా కుటుంబ విద్యార్హతల గురించి కొంచెం చెప్పాలి. నేనూ, అన్నయ్యా, వదినా ముగ్గురం ఇంటర్లో ఫిజిక్స్ చదివినవాళ్ళమే. అందులో ఒక లెక్క ఉంటుంది: తుపాకీ పేలితే ఎంత వేగంతో వెనక్కి తంతుంది? తుపాకీ బరువు తగ్గే కొద్దీ తన్ను పెరుగుతుంది. ఎంట్రన్స్‌కి చదివే రోజుల్లో ఆ లెక్క నాకు నేర్పింది మా అన్నయ్యే. మార్కులు వచ్చాయి, సీట్లు వచ్చాయి, వీసాలు వచ్చాయి. అసలు తుపాకీ చేతికి వచ్చిన రోజున మాత్రం ఆ లెక్క ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

షూటింగ్ రేంజ్‌లో వదిన మొదటి గుండు కాల్చింది. మనిషి మొత్తం వెనక్కి కదిలింది.

"ఎలా ఉంది వదినా?"

"ఏం లేదు. బాగానే ఉంది."

కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. చలిగాలి అంది. ఆ రోజు గాలి లేదు. రెండోసారి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసుకుంది. ఆ గుండు మా పక్కాయన గురి కాగితానికి తగిలింది. ఆయన చాలా మర్యాదస్తుడు, థాంక్యూ అన్నాడు. మూడోది వదిన కాల్చలేదు. గుళ్ళు బయటికి తీసేసి, తుపాకీ పెట్టెలో పెట్టి, కారు వైపు నడిచింది.

అన్నయ్య ఓడిపోయే మనిషి కాదు. స్టాక్ వెనక భాగం బోలుగా ఉంటుంది కదా, అందులో సీసం గుళ్ళు నింపితే తన్ను తగ్గుతుందని కనిపెట్టాడు. వదిన స్టాక్ ఊడదీసి ఇస్తే కొంచెం నింపాడు, చాలలేదు. ఇంకొంచెం నింపాడు. మళ్ళీ బిగించి కాటాకి తగిలిస్తే, పాత చెక్కతో ఎంత ఉండేదో అంతే చూపించింది. ఓ పిసరు ఎక్కువే చూపించింది.

"బ్యాలెన్స్ మాత్రం చాలా ఇంప్రూవ్ అయింది" అన్నాడు.

వదిన నవ్వడం మొదలుపెట్టింది. సోఫా పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. అన్నయ్య కాటా పక్కన పెట్టి, "అది కాదే, నీ భుజం..." అని ఆగిపోయాడు. ఆ రెండు నెలల గ్రాముల వెనక ఆయన చెప్పదలుచుకున్న మాట అదేనని నాకు అప్పుడు తెలిసింది.

మంచం కిందనుంచి వాల్‌నట్ చెక్క బయటికి వచ్చింది. పాత చెక్కతో వదిన రెండు గుళ్ళు కాల్చింది. రెండూ పక్కపక్కనే పడ్డాయి, భుజం కూడా ఓర్చుకుంది. అంటే తుపాకీ లోపం లేదు, కాల్చే చేతికి లోపం లేదు. మిగిలింది ఆ గంట నడకే. "ఈ ఏడు నువ్వు వెళ్ళిరా" అంది వదిన. కొనేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో రేంజ్‌లో అడగమని కూడా అంది. నేను అడగలేదు. ఒంటరిగా వెళ్ళే ఉద్దేశమూ లేదు, ఆ మాట ఆవిడతో చెప్పలేదు.

సీజన్‌కి ఇంకా నాలుగు రోజులుందనగా అన్నయ్య ఫోన్ చేశాడు. "ఈ ఏడు వేట లేదు కదా, మీ వదినకి ఏమైందే? మొన్నట్నుంచీ పప్పులో పోపు లేదు, చారులో పోపు లేదు. అడిగితే మాట్లాడదు. ఆస్పత్రి తిండి నయం" అని మొత్తుకున్నాడు. నేను ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. మ్యూట్‌లో పెట్టుకుని పెద్దగా నవ్వేశాను, కెమెరా ఆన్‌లో ఉన్న సంగతి తర్వాత తెలిసింది.

ఆ శనివారం తెల్లవారకముందే కారు హామిల్టన్‌లో వాళ్ళ గుమ్మం ముందు ఆపేసరికి, వదిన నారింజ రంగు కోటు వేసుకుని, చేతిలో కారియర్‌తో నిలబడి ఉంది. దారంతా ఆస్పత్రి కబుర్లే. తుపాకీ మాట ఇద్దరం ఎత్తలేదు. అడవి అంచున కారు ఆపి డిక్కీ తెరిచాను. నా రైఫిల్ నేను భుజాన వేసుకున్నాను. వదిన తన పెట్టె తెరిచి, బోల్టు వెనక్కి లాగి, లోపల గుండు లేదని తను చూసి నాకూ చూపించింది. తర్వాత దాన్ని నా వైపు చాచింది.

"ఆడపడుచు లాంఛనం అనుకో. తీసుకో."

నేను పట్టుకున్నాక కూడా ఆవిడ వేళ్ళు చెక్కని వెంటనే వదల్లేదు. వదిలాక దాన్ని రెండో భుజాన తగిలించుకున్నాను.

వదిన కారియర్ ఊపుకుంటూ ముందు నడిచింది. ఖాళీ చెయ్యి మాటిమాటికీ భుజం మీదికి వెళ్ళి, అక్కడ లేని పట్టీని సర్దబోయి దిగుతోంది. రెండు రైఫిళ్ళతో నేను వెనక. ఇంత బరువుని ఈ పొట్టి మనిషి ఇన్నేళ్ళూ ఎలా మోసిందో నాకు అర్థం కాలేదు. పడిపోయిన మొదటి చెట్టు దాటేసరికే నా నడుం పట్టేసింది. రెండో చెట్టు దగ్గర కోటు లోపల చెమటలు పట్టాయి.

"ఏం, బరువుగా ఉందా?" వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఏం లేదు. బాగానే ఉంది."

వదిన ఆగింది. వెనక్కి తిరిగి, రేంజ్‌లో నేను ఆవిడని చూసినట్టే నన్ను చూసింది. కారియర్ మంచు మీద పెట్టి, ఆ చెట్టు మొద్దు మీద కూర్చుని, పక్కన నాకు చోటు చూపించింది.

"కాస్త కూర్చుందాం రా. నాకు ఆయాసం వస్తోంది" అంది.

ఆవిడ ఊపిరి మామూలుగానే ఉంది.