సాదిక్ కాగితం

వేపాకులు ఉడుకుతున్న చేదు వాసన వస్తే ఈరోజుకీ నాకు తల దించుకోవాలనిపిస్తుంది. మా విద్యార్థులు ఆ కషాయంతో కంటికి కనిపించనంత సన్నని జింకు నానో కణాలు తయారుచేసి, పెసర్లు ఎలా మొలకెత్తుతాయో చూడబోతున్నారు. గోదావరిఖనిలోని ఇదే ప్రయోగశాలలో, చదువుకునే రోజుల్లో నేను చేసిన ప్రాజెక్టూ అదే. అప్పుడిక్కడ సాదిక్ చాచా ఉండేవాడు.

చాచా బొగ్గుబాయిలో పనిచేసి, ఆయాసంతో మానేసి, ఇక్కడ గాజుసామాను కడిగే తాత్కాలిక పనికి చేరాడు. నేను నానో కణాల నీళ్లు పోసిన గిన్నెలను అల్మారాలో భద్రంగా దాచి, ఉత్త నీళ్లు పోసినవాటిని చోటు లేక కిటికీ గట్టు మీద పెట్టాను. అల్మారాలో గింజలు జోరుగా మొలిచాయి. కిటికీ దగ్గర సగం కూడా మొలవలేదు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. చాచా గట్టు మీద ఒక తెల్ల కాగితం పరిచి, సాయంత్రం దాని మీద వేలు రుద్ది నాకు చూపించాడు. వేలు నల్లగా ఉంది.

“రెండు తీర్ల గింజలు ఒక్క జాగల పెట్టాలె గద బేటా. వీటికి ఎండ గొడుతుంది, బొగ్గు దుమ్ము పడుతుంది. అవేమో సల్లగున్నయి.”

ఆ దుమ్ములోనే పుట్టి పెరిగినదాన్ని, అది నా కంటికి ఆననే లేదు. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. గిన్నెలు కడిగే మనిషి నాకు చెప్పడమేమిటని, నీ పని నువ్వు చూసుకొమ్మన్నాను.

మర్నాడు మా సారు గిన్నెల్లో నల్లటి పొర చూసి ఇదేమిటని గద్దించారు. చాచా గట్టు తుడవలేదని చెప్పేశాను. అంత అబద్ధం అంత సులువుగా ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. సారు అందరి ముందూ ఆయన్ని చెడామడా తిట్టి, ఇంకోసారి ఇలా జరిగితే పనిలోంచి తీసేస్తానన్నారు. చాచా నావైపు చూడనైనా చూడలేదు.

“గల్తీ నాదే సార్,” అన్నాడు.

తర్వాత గిన్నెలన్నీ ఒకేచోట పెట్టి మళ్లీ చేశాను. రెండు రకాలూ ఇంచుమించు సమానంగానే మొలిచాయి. అదే రాసిచ్చాను. సారు నా నిజాయితీని మెచ్చుకున్నారు. చాచా పక్కనే గాజు గొట్టాలు తుడుస్తున్నాడు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. నాకు ఉద్యోగం వచ్చి ఇక్కడికే తిరిగొచ్చేనాటికే ఆయన చనిపోయాడు.

ఇప్పుడు ఏ ప్రయోగమైనా గిన్నెలు పెట్టేముందు ఆ చోట తెల్ల కాగితం పరిపిస్తాను. దానికి సాదిక్ కాగితమని పేరు పెట్టింది నేనే. ఆయనెవరని పొద్దున ఒక అమ్మాయి అడిగింది. నాకు ప్రయోగం చేయడం నేర్పిన మనిషని చెప్పాను. అలాంటి మనిషిని నేనేం చేశానో మాత్రం, ఇన్నేళ్లయినా, చెప్పలేకపోయాను.