సూది ఎడమకే తిరిగింది

మొన్న బీచ్ రోడ్డులో మనవడికి ఊపితే వెలిగే టార్చిలైటు కొనిచ్చాను. బ్యాటరీ ఉండదు, లోపల రాగితీగ చుట్టలోంచి అయస్కాంతం అటూ ఇటూ జారుతుంటే కరెంటు పుడుతుంది. వాడు తెగ సంబరపడ్డాడు గానీ, నాకు మా చెల్లెలు గుర్తొచ్చి ఆ పూట అన్నం సయించలేదు.

డెబ్బైల చివర్లో నేను విశాఖలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో డిమాన్‌స్ట్రేటర్‌ని. చెల్లెలు అక్కడే ఇంటర్ చదివేది. ఫిజిక్సంటే దానికి ప్రాణం, బీయస్సీ చేసి నాలాగే పాఠాలు చెప్పాలని కోరిక. మన తరంవాళ్ళకు వేరే చెప్పాలా, ప్రయోగం చెయ్యకముందే సీనియర్ల రికార్డు తెచ్చుకుని రీడింగులన్నీ నింపేసుకునేవాళ్ళం, నేనూ అలా గట్టెక్కినవాణ్ణే. ఆ రోజు తీగచుట్టలోకి అయస్కాంతం ఉత్తర ధ్రువాన్ని దూర్చి గాల్వనోమీటరు సూది ఎటు తిరిగిందో రాయమంటే, క్లాసు క్లాసంతా పాత రికార్డుల్లో ఉన్నట్టే కుడికి అని రాసింది. మా చెల్లెలొక్కతే ఎడమకి అని రాసింది.

సొంత చెల్లెలని వెనకేసుకొస్తున్నానంటారేమోనని నాకు మొదట్నుంచీ బెరుకు. సూది వంకైనా చూడకుండా, ఆ పేజీ అంతా ఎర్ర సిరాతో కొట్టేసి, కళ్ళు కనిపించడం లేదా అని అందరి ముందూ కసిరాను.

“నాను సూసిందే రాసాను అన్నయ్యా,” అంది.

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు! మళ్ళీ రాయమన్నాను. కొత్త పేజీలో కుడికి అని రాసిచ్చేసింది.

వేసవి సెలవుల్లో ల్యాబు సామాను సర్దుతుంటే తెలిసింది, పాత తీగ ఉప్పుగాలికి పాడైతే అటెండరు కొత్తది చుట్టాడని, అదీ తిరగేసి చుట్టాడని. అయస్కాంతం దూర్చి చూశాను. సూది ఎడమకే తిరిగింది. పదిసార్లు చూశాను, పదిసార్లూ ఎడమకే. అప్పటికింకా చెల్లెలు డిగ్రీకి అప్లికేషను పెట్టలేదు, సైన్సు తన వల్ల కాదు, బీకామ్‌లో చేరిపోతానంటోంది, అమ్మేమో నచ్చజెప్పమని నా ప్రాణం తీస్తోంది. తప్పు నాదేనని ఒక్క మాట అంటే సరిపోయేది. పిల్లల ముందు పరువు పోతుందని, సూది మళ్ళీ కుడికే తిరిగేలా గుట్టుగా వైర్లు అటుదిటు మార్చేసి నోరు మూసుకున్నాను. ఛీ, ఏం పరువది! అది బీకామ్ చదివి, పోర్టు దగ్గర ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరి, టైపు కొట్టుకుంటూనే రిటైరైంది.

ఇక మనసు ఆగక నిన్న గాజువాకలో దాని ఇంటికెళ్ళి, దాచిందంతా కక్కేశాను. అది చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విని, “తీగ తిరగేసి సుట్టీసారని నాకప్పుడే తెలుసు అన్నయ్యా. సుట్టు సూత్తే తెలిసిపోద్ది. నువ్వూ ఓసారి సూత్తావని ఆగాను,” అంది.

ఆ రోజుల్లో మాస్టారి మాట, అన్న మాట తప్పనడానికి నోరొచ్చేది కాదు. ఇప్పటి పిల్లలు మొహం మీదే కాదనేస్తారు, బతికిపోయారు. మా చెల్లి నన్ను నమ్మి ఊరుకుంది.