నా పొయ్యి మీద అక్క పప్పు

మా అక్కకు, బావకు విడాకులు నాంపల్లిలోనే అయ్యాయి, పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు. కోర్టుకు పోవడం మా వాళ్లకు అలవాటు లేదు. కులపెద్దలు మా వాకిట్లో చాపలు పరుచుకుని కూర్చున్నారు. పిల్లలు కాలేదని బావ ఇంకొకామెను తెచ్చుకున్నాడు. సవతితో ఒక్క ఇంట్లో ఉండనని అక్క అన్నది. అంతే సంగతి. పెద్దలు గడ్డిపోచ తెంపి, చెరో ముక్క చేతిలో పెట్టి, మనోవర్తి చెప్పారు. అక్క మళ్లీ మనువు చేసుకునేదాకా ఆమె తిండికి సరిపడా బియ్యం నెలనెలా బావ తన చేతులతో తెచ్చి గడప అవతల పెట్టాలి. ఒక్కటే షరతు. అక్క పొయ్యి మీద వండింది బావ తిన్నాడంటే ఇద్దరూ కలిసిపోయినట్టే. మనోవర్తి ఆగిపోతుంది.

అక్క ఆబిడ్స్‌లో ఒక దుకాణం ఊడ్చేది. ఆ జీతం గది కిరాయికే పోయేది. ఆ బియ్యం లేకపోతే ఆమెకు పస్తే. అక్క గది పక్కదే నా గది, రెంటికీ నడుమ ఒక తడక ఉండేది.

బావ స్టేషన్‌లో హమాలీ. బేగం బజార్‌లో బియ్యం కొని నెత్తిన పెట్టుకుని వచ్చేవాడు. బావ ఎప్పుడు అక్క వంట తింటాడా, మనోవర్తి ఎప్పుడు ఆగుతుందా అని ఆ రెండో ఆమె తమ్ముడు వెంట కాపలాగా వచ్చేవాడు.

ఒక ఎండాకాలం బావ బస్తా దించి అక్కడే కూలబడ్డాడు.

"తినకుంట వచ్చినవా?" తలుపు వెనక నుంచి అక్క అడిగింది.

"ఇయ్యాల బండ్లు మస్తు వచ్చినయి. తీరలే."

"కొత్త పెండ్లాం సద్ది గట్టలేదా ఏంది?"

బావ నవ్వాడు. ఆ తమ్ముడు అందుకున్నాడు: "తిను బావా, తిను. గీ ఇంట్ల ఒక్క బుక్క తింటే నీ నెత్తి మీది బస్తా దిగుతది."

అక్క చెంబుతో గడప దాకా వచ్చి ఆగిపోయింది. చెంబు కింద పెట్టి నావైపు తిరిగింది. "చెల్లె, నీ పొయ్యి అంటించు."

అంటించాను. పప్పు నాది, చింతచిగురు నాది, చెయ్యి నాది. తడక అవతల అక్క నోరు మాత్రం ఆగలేదు. "కారం జర తక్కువెయ్యి, ఆయనకు కడుపుల మంట. ఎల్లిపాయ దంచి ఎయ్యి, కొయ్యకు."

"నాకు వంట రాదా అక్కా?"

"వస్తది. గని నీకు నీ మొగని నాలుక తెలుసు, గీయనది తెల్వదు."

బావ నా గదిలో కూర్చుని మొదటి బుక్క నోట్లో పెట్టుకుని, కాసేపు నమలలేదు.

"మరదలా, గీ పప్పు నువ్వే చేసినవా?"

"నా పొయ్యి కనబడ్తలేదా బావా?"

"ఔ, కనబడ్తుంది" అని తలవంచుకుని తిన్నాడు.

ఆ తమ్ముడు ఊరుకుంటాడా! మరునాడు పొద్దున్నే కులపెద్దను వెంటబెట్టుకుని వచ్చాడు. భయానికి అక్క అప్పటిదాకా పొయ్యే అంటించలేదు. ముందురోజు పొయ్యి అలికి పెట్టిన ముగ్గు చెదరకుండా ఉంది. పెద్దాయన దాన్ని చూశాడు, నా పొయ్యిలో బూడిదను చూశాడు.

"మరదలి ఇంట్ల బావ తింటే అది చుట్టరికం. మనోవర్తి ఆగదు, పోరా" అన్నాడు.

మరుసటి నెల బావ ఎప్పటిలాగే బస్తా దించాడు. దాని మీద తువాలలో ఒక మూట, అందులో లేత చింతచిగురు. పెద్దలు చెప్పిన మనోవర్తిలో అది లేదు. తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నీకే మరదలా" అన్నాడు, తడకకు వినబడేటట్టు.

"ఎల్లిపాయ దంచి ఎయ్యి చెల్లె" అన్నది తడక అవతలి గొంతు.